వైర్‌మ్యాన్ పర్మిట్ నుంచి కాంట్రాక్టర్ లైసెన్సు దాకా: గోదావరి డెల్టాలో సొంతంగా పని పెట్టుకునేవారికి

ఫ్యాను మార్చడానికి, పాడైన స్విచ్చి తీసి అలాంటిదే పెట్టడానికి, కాలిపోయిన ఫ్యూజు వేయడానికి లైసెన్సు అక్కర్లేదు. 250 వోల్టులు దాటని సరఫరాలో, ఉన్నదాని స్థానంలో అదే రకం సామాను బిగించడం వరకే ఆ వెసులుబాటు. కొత్త ఏసీకి విడిగా వైరు లాగినా, డాబా మీద వేసిన గదికి పాయింట్లు పెంచినా, రొయ్యల చెరువు గట్టున ఏరేటర్లకు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలకు) బోర్డు కట్టినా అది ఇన్‌స్టలేషన్ పనే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు 2010లో వచ్చాయి, వాటి స్థానంలో 2023లో కొత్తవి తెచ్చారు. వాటి ప్రకారం ఇలాంటి పనిని రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే తీసుకోవాలి. సూపర్‌వైజర్ సర్టిఫికెట్ ఉన్న మనిషి దగ్గరుండి చూడాలి. చేత్తో పనిచేసేవారి దగ్గర వైర్‌మ్యాన్ పర్మిట్ ఉండాలి.

అమలాపురం నుంచి ఆకివీడు దాకా పని చేతిలో ఉండి కాగితం లేని మేస్త్రీలు చాలామంది. పని అంతా వాళ్లే చేసి, చివర్లో టెస్ట్ రిపోర్టు మీద సంతకం కోసం లైసెన్సున్న వేరొకరి దగ్గరికి వెళ్తారు. ఆయన ఇల్లు చూడడు, మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే పరికరం) పెట్టడు, సంతకం చేసి ఇస్తాడు. రేపు ఆ ఇంట్లో గీజరు షాక్ కొట్టి మనిషి పోతే మొదట వెతికేది ఆ సంతకం ఎవరిదనే. ఈ అలవాటు నుంచి బయటపడడానికి దారి ఉంది. అది కొంచెం పొడుగు, అంతే.

పర్మిట్, సర్టిఫికెట్

ఇవి ఇచ్చేది రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు, చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ యంత్రాంగం. కరెంటు ఆఫీసు కాదు. గోదావరి డెల్టా తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ కిందికి వస్తుంది గనుక చాలామంది ఆ సంస్థ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారి ఆఫీసుకు వెళ్లి అడుగుతుంటారు. వారు సర్వీసు (కరెంటు కనెక్షన్) ఇస్తారు, లైసెన్సు ఇవ్వరు.

ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడు పాసై, అప్రెంటిస్‌షిప్ కూడా పూర్తి చేసినవారికి వైర్‌మ్యాన్ పర్మిట్ దగ్గర దారి. చదువు లేకుండా పని నేర్చుకున్నవారు బోర్డు పరీక్షకు సిద్ధం కావాలి. స్టార్-డెల్టా స్టార్టర్ కనెక్షన్, మెట్ల దగ్గర రెండు స్విచ్చుల వైరింగ్, మెగ్గర్ వాడకం, ఎర్త్ గుంట కొలతలు, షాక్ తిన్న మనిషికి చేయాల్సిన మొదటి సాయం నోటికి రావాలి. పని బాగా వచ్చినవారు కూడా నోటి ప్రశ్నల దగ్గర తడబడతారు, ఎందుకంటే చేసేది ఎందుకు చేస్తున్నామో ఎప్పుడూ మాటల్లో పెట్టి ఉండరు. రోజూ చేసే పనిని పక్కవాడికి వివరించి చెప్పడం అలవాటు చేసుకోండి.

సూపర్‌వైజర్ సర్టిఫికెట్‌కు ఎలక్ట్రికల్ డిప్లొమా, డిగ్రీ చదివినవారు ఒక దారిన వస్తారు, పర్మిట్‌తో ఏళ్ల తరబడి పనిచేసినవారు అనుభవం, పరీక్షల దారిన వస్తారు. రెండో దారిలో అనుభవ పత్రమే ప్రాణం. ఏ కాంట్రాక్టరు దగ్గర, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ రకం పనులు, ఎంత వోల్టేజీ వరకు అన్నది అందులో ఉండాలి, ఆయన లైసెన్సు నంబరు వేయించాలి. ఆ కాలమంతా ఆయన లైసెన్సు చెల్లుబాటులో ఉందో లేదో ముందే చూసుకోండి. మధ్యలో ఆరు నెలలు రెన్యూవల్ తప్పి ఉంటే ఆ ఆరు నెలల అనుభవం మీద ప్రశ్న వస్తుంది.

ఇంకొకటి, చిన్నదే కానీ ఫైలును నెలల తరబడి ఆపేది: పేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఐటీఐ సర్టిఫికెట్‌లో పొడి అక్షరం, ఆధార్‌లో ఇంటిపేరు చివర. మూడూ ఒకే మనిషివని గుమాస్తాకు ఎలా తెలుస్తుంది? పదో తరగతిలో ఉన్నట్టే ఆధార్ మార్పించుకుని ఆ తరవాతే దరఖాస్తు చేయండి.

కాంట్రాక్టర్ లైసెన్సు ఫైలు

లైసెన్సుకు గ్రేడులున్నాయి. గ్రేడును బట్టి ఎంత వోల్టేజీ పనులు తీసుకోవచ్చో నిర్ణయం అవుతుంది. ఇళ్లు, షాపులు, వ్యవసాయ మోటార్లు, చెరువులు మీ పని అయితే ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) పరిమితి గ్రేడుతో మొదలుపెట్టండి. రైస్ మిల్లులు, ఐస్ ప్లాంట్లు, సొంత ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకునే రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లు హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) పనులు. వాటికి సూపర్‌వైజర్ అర్హత, పరికరాలు రెండూ పై స్థాయిలో కావాలి.

ఫైలులో పెట్టాల్సినవి: దరఖాస్తు ఫారం, ఫీజు చలానా, సూపర్‌వైజర్ సర్టిఫికెట్ (మీదే కావచ్చు, మీ దగ్గర పూర్తికాలం చేసేవారిది కావచ్చు), వైర్‌మ్యాన్ పర్మిట్లు, వాళ్లు మీ దగ్గర చేస్తున్నట్టు నియామక పత్రం, వాళ్ల సమ్మతి పత్రం, ఆఫీసు చిరునామాకు ఆధారం, పరికరాల బిల్లులు, ఆ పరికరాల టెస్టు సర్టిఫికెట్లు. ఒకే సూపర్‌వైజర్ పేరు రెండు లైసెన్సుల్లో ఉండకూడదు. బంధువు సర్టిఫికెట్ అడిగి పెట్టుకునేవారికి ఇక్కడే ఎదురుదెబ్బ తగులుతుంది, ఆయన పేరు అప్పటికే వేరేచోట నమోదై ఉంటుంది. చలానాలో పద్దు నంబరు తప్పు పడితే డబ్బు వేరే ఖాతాకు పోతుంది, వెనక్కి తెచ్చుకోవడం తల ప్రాణం తోకకు తెస్తుంది. ఫీజు, పద్దు రెండూ దరఖాస్తు చేసే రోజునే సరిచూసుకుని కట్టండి, నిరుడు స్నేహితుడు కట్టిన చలానా చూసి కాదు.

పరికరాల్లో 500 వోల్టుల మెగ్గర్, మేకులు వైర్లతో సహా ఎర్త్ టెస్టర్, టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది), మల్టీమీటర్ లేకుండా ఎల్‌టీ పని మొదలుపెట్టకండి. హెచ్‌టీకి 2500 వోల్టుల మెగ్గర్ కూడా కావాలి. బిల్లు మీద ఉన్న సీరియల్ నంబరు, టెస్టు సర్టిఫికెట్ మీద నంబరు, పరికరం ఒంటిమీద నంబరు మూడూ ఒకటై ఉండాలి. సెకండ్ హ్యాండ్ మెగ్గర్ కొని పాత బిల్లు జతచేసేవారు ఇక్కడ దొరికిపోతారు. ఎర్త్ టెస్టరు ఖరీదైనదని అరువు పరికరంతో తనిఖీ గట్టెక్కాలని చూడకండి. అది మీకు ప్రతి ఇంటి దగ్గరా కావాలి.

జీఎస్‌టీ సంగతి ఒక్క ముక్కలో: సేవల మీద ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

మీ హద్దు ఎక్కడ

లైసెన్సు వచ్చినా మీటరు దాకా ఉన్న లైను, స్తంభం, ట్రాన్స్‌ఫార్మరు మీవి కావు. దాళ్వాలో (రెండో పంటలో) నీళ్లు అందని రోజుల్లో మోటారు ఆగిపోతే రైతు ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు వేయమని మిమ్మల్నే పిలుస్తాడు, "లైన్‌మ్యాన్ వచ్చేసరికి పొద్దుపోతుందయ్యా" అంటాడు. వేయకండి. స్తంభం మీద లైనును విడదీసే ఏబీ స్విచ్చి మూడు బ్లేడ్లలో ఒకటి విడిపోకుండా అతుక్కుని ఉండిపోవడం మామూలే, కిందనుంచి చూస్తే తెలియదు. 1912కి ఫోన్ చేయించండి, లైన్‌మ్యాన్ ఎల్‌సీ (లైను ఆపించి తీసుకునే అనుమతి, లైన్ క్లియర్) తీసుకుని వచ్చాకే ఎవరైనా పైకి చేయి పెట్టాలి.

పని తరవాత: మెగ్గర్

సర్వీసు కోసం ఇచ్చే టెస్ట్ రిపోర్టులో ఇన్సులేషన్ రెసిస్టెన్స్, ఎర్త్ రెసిస్టెన్స్ గళ్లు ఉంటాయి. అన్ని ఇళ్లకూ ఒకే అంకెలు రాసిన రిపోర్టులు చూసేవారికి ఇట్టే తెలిసిపోతాయి. అసలు కొలత ఇలా తీయండి.

మెయిన్ ఆపి, కరెంటు లేదని టెస్టరుతో కాదు, మల్టీమీటరుతో చూసుకోండి. బల్బులు తీసేయండి, ఫ్రిజ్, టీవీ, ఇన్వర్టర్ ప్లగ్గులు పీకండి. డీబీలో (డిస్ట్రిబ్యూషన్ బోర్డులో) సర్జ్ ప్రొటెక్టర్ ఉంటే విడదీయండి. ఇప్పుడు అన్ని స్విచ్చులూ ఆన్ చేయండి. చాలామంది తప్పేది ఇక్కడే. స్విచ్చి ఆఫ్‌లో ఉంటే మెగ్గర్ స్విచ్చి దాకానే చూస్తుంది, దాని వెనక ఫ్యాను దాకా పోయిన వైరు లెక్కలోకే రాదు. ఫేజు, న్యూట్రల్ వైర్లను కలిపి, ఆ రెండింటికీ ఎర్త్‌కూ మధ్య 500 వోల్టుల డీసీ ఒక నిమిషం ఇవ్వండి. 1 మెగోమ్‌కు తగ్గకూడదు. తరవాత, ఫ్యాన్లు విడదీసి, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్లు బిగించి ఉంటే ఈ రెండోది వాటిని విప్పాకే చేయండి, లేదంటే కాలిపోతాయి.

నిబంధన 1 మెగోమ్ అంటుంది, నిజమే. కానీ కొత్త రాగి వైరు, పొడి పైపు ఉన్న ఇంట్లో రీడింగు పదుల, వందల మెగోములు రావాలి. కొత్త ఇంట్లో 2 వస్తే పాసైందని సంతోషపడకండి. డీబీలో ఒక్కో సర్క్యూటు విడదీసి కొలవండి. మన దగ్గర ఎక్కువసార్లు దొరికే కారణం గోడలో పైపులోకి చేరిన నీరు. వానాకాలంలో స్లాబు వేసి, పైపు మూతులు మూయకుండా వదిలేస్తే నీళ్లు వంపుల్లో నిలిచి నెలలు ఉంటాయి. స్లాబు రోజునే మూతులకు క్యాపులు పెట్టడం, వైరు లాగేముందు పైపులో గుడ్డ లాగి తుడవడం ఈ తిప్పలు తప్పిస్తాయి. రెండో కారణం బోర్డు డబ్బాకు బిగించిన మర వైరు మీదకు దిగి ఇన్సులేషన్ చీల్చడం. అది ఆ ఒక్క పాయింటు విప్పగానే కంటికి కనిపిస్తుంది.

ఎర్త్ గుంట, దాని లెక్క

పైపు ఎర్త్‌కు లోపలి వ్యాసం 40 మిల్లీమీటర్లు, పొడవు 2.5 మీటర్ల జీఐ పైపు. పునాది నుంచి కనీసం 1.5 మీటర్ల దూరం. ఇదే పైపు డెల్టాలో ఒక్కో నేలలో ఒక్కోలా పనిచేస్తుంది. నిరోధకత 10 ఓమ్-మీటర్లున్న తడి బంకమట్టిలో ఒక్క పైపు లెక్క సుమారు 3 ఓములకు వస్తుంది. అదే పైపు సముద్రపు ఒడ్డు పొడి ఇసుక దిబ్బలో, నిరోధకత 500 ఓమ్-మీటర్లుంటే, 150 ఓములు దాటుతుంది. ఉండి ఊరి పొలంలో వచ్చిన రీడింగు అంతర్వేదిలో వస్తుందని రాసేవాడు గుంట దగ్గరికి వెళ్లనివాడే. ఇసుక నేలలో బస్తాల కొద్దీ ఉప్పు పోయడం కన్నా, పైపు పొడవుకు రెట్టింపు దూరంలో ఇంకో పైపు, అవసరమైతే మూడోది దించి కలపడం నయం. ఉప్పు వానకు కొట్టుకుపోతుంది, ఉన్నన్నాళ్లూ పైపును తినేస్తుంది. ఉప్పునీటి చెరువుల పక్కన రెసిస్టెన్స్ తక్కువే వస్తుంది, కానీ జీఐ తొందరగా తుప్పు పడుతుంది. అక్కడ గుంటకు మూత తీసి చూసే తొట్టి కట్టి, జాయింటు నీటిమట్టానికి పైన ఉంచి, ఏటా విప్పి చూడాలి.

కొలిచేటప్పుడు మెయిన్ ఆపి, ఎర్త్ తీగను బోర్డు దగ్గర విప్పండి. ఒక మేకు 30 మీటర్ల దూరాన, మధ్య మేకు 18 నుంచి 19 మీటర్ల దగ్గర ఒకే వరసలో దిగ్గొట్టండి. రీడింగు తీసి, మధ్య మేకును 3 మీటర్లు ముందుకూ వెనక్కూ జరిపి మళ్లీ తీయండి. మూడూ దగ్గర దగ్గరగా వస్తే అదే అసలు విలువ. రాకపోతే చివరి మేకును ఇంకా దూరం తీసుకుపోవాలి. కోనసీమ దొడ్లలో 30 మీటర్ల తెరిపి దొరకదు, వీధి వెంబడో కాలవ గట్టు వెంబడో వెళ్లండి. భూమిలో నీళ్ల ఇనప గొట్టం ఉన్న వరస మాత్రం వద్దు.

ఇప్పుడు ఆ 3 ఓములతో నిశ్చింతగా ఉండొచ్చా? లెక్క వేయండి. ట్రాన్స్‌ఫార్మరు న్యూట్రల్ ఎర్త్ 2 ఓములనుకుంటే మొత్తం 5. గీజరు బాడీకి ఫేజు తగిలితే పారే కరెంటు 230ని 5తో భాగిస్తే 46 యాంపులు. 16 యాంపుల సీ-రకం ఎంసీబీ (కరెంటు మితి మీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చి) వెంటనే పడాలంటే 80 నుంచి 160 యాంపులు కావాలి. 46 యాంపులకు అది సెకను నుంచి నిమిషం దాకా తీసుకోవచ్చు. ఆ సేపంతా గీజరు బాడీ మీద 138 వోల్టులుంటాయి. మంచి ఎర్త్ రీడింగు వచ్చిన ఇంట్లోనే పరిస్థితి ఇది. ఇసుక నేలలో అయితే కరెంటు 2 యాంపులు కూడా దాటదు, ఎంసీబీ ఎప్పటికీ పడదు. అందుకే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (ఎర్త్‌కు కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చి) లేకుండా ఏ ఇంటి రిపోర్టు మీదా సంతకం చేయకండి. 30 మిల్లీయాంపుల దగ్గర 0.3 సెకన్లలోపు అది పడాలి, 15 దగ్గర పడకూడదు. టెస్టు బటన్ నొక్కితే లోపలి యంత్రం పనిచేస్తుందని మాత్రమే తెలుస్తుంది, ఎర్త్ ఉందో లేదో తెలియదు.

బిగించిన రోజే ఆర్‌సీసీబీ నిలవకపోతే దాన్ని తిట్టకండి. రెండు ఆర్‌సీసీబీల న్యూట్రల్‌లు ఎక్కడో ఒక జంక్షన్ డబ్బాలో కలిసి ఉంటాయి, లేదా ఇన్వర్టర్ లైటింగ్ న్యూట్రల్ మామూలు న్యూట్రల్‌తో కలిపేసి ఉంటుంది. డబ్బాలు విప్పి న్యూట్రల్‌లు వేరుచేయండి.

చెరువు గట్టు మీద

ఇక్కడ నీళ్లలో నిలబడి మోటారు పట్టుకునే మనుషులుంటారు. అందుకే మా దృష్టిలో ఇది అన్నిటికన్నా జాగ్రత్త కావాల్సిన పని.

త్రీ ఫేజు మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు ఉండాలి, ఏరేటరైనా సరే. కేబుల్‌లో ఎర్త్ కోరు లేకుండా మూడు కోర్ల కేబుల్ లాగి, తెప్ప ఇనప ఫ్రేము నీళ్లలో ఉంది కదా అని వదిలేయడం చెరువుల దగ్గర మామూలైపోయింది. ఉప్పునీటిలో ఫ్రేము ఉంటే నీరంతా కరెంటు దారి అవుతుంది, మనిషికి రక్షణ కాదు. నీళ్లలో కేబుల్ జాయింటు ఒక్కటి కూడా వద్దు. జాయింటు గట్టు మీద గుంజకు కట్టిన వానపడని డబ్బాలోనే ఉండాలి, కేబుల్ డబ్బాలోకి కింది నుంచి ఎక్కాలి.

ఆర్‌సీసీబీ మాటెత్తితే రైతులు ఒప్పుకోరు, వాళ్ల భయం నిజమైనదే. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది, తెల్లవారుజామున అడుగుకు చేరుతుంది. ఆ గంటలో ఆర్‌సీసీబీ పడి పది ఏరేటర్లూ ఆగితే పంట పోతుంది. అందుకే దాన్ని వైరుతో డైరెక్ట్ చేసేస్తారు. తప్పు రైతుది కాదు, పది ఏరేటర్లకు ఒక్కటే పెట్టినవారిది. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ 15 దాటగానే పడొచ్చు. సీళ్లు అరిగిన మోటార్లు ఒక్కోటి రెండు మూడు మిల్లీయాంపులు లీకైనా, అన్నీ కలిసి ఆ గీతను చేరుకుంటాయి. రెండు ఏరేటర్లకు ఒక ఫోర్ పోల్ (మూడు ఫేజులతో పాటు న్యూట్రల్‌నూ తెంపే) ఆర్‌సీసీబీ పెట్టండి. లీకేజీ క్లాంపు మీటరుతో కొలిచి మామూలు లీకు 10 మిల్లీయాంపుల లోపు ఉండేలా చూడండి. అంతకు మించితే ఏ మోటారుదో కనిపెట్టి సీలు మార్పించండి. అప్పుడు ఒకటి పడినా రెండే ఆగుతాయి, మిగతావి తిరుగుతాయి. ట్రిప్ అయితే మోగే చిన్న అలారం కూడా కడితే కాపలా మనిషి లేస్తాడు. ఖర్చు ఎంతవుతుందో ఎస్టిమేటులోనే రాసి చూపించండి, చాలామంది ఒప్పుకుంటారు.

జనరేటరు ఉన్న చెరువుకు ఫోర్ పోల్ చేంజోవర్ స్విచ్చి (లైను, జనరేటరు రెండింటిలో ఒక్కదాన్నే కలిపేది) తప్పదు. ఫేజులతో పాటు న్యూట్రల్ కూడా విడిపోవాలి. అసలు చేంజోవరే లేకుండా మెయిన్ ఆపి జనరేటర్ వేస్తే, ఎవరో మెయిన్ ఎత్తిన క్షణంలో జనరేటర్ కరెంటు ట్రాన్స్‌ఫార్మరులోకి వెనక్కి వెళ్లి 11 వేల వోల్టులై లైను మీదికి ఎక్కుతుంది. ఎల్‌సీ తీసుకుని స్తంభం మీదున్న లైన్‌మ్యాన్‌కు అది తెలియదు. జనరేటర్ న్యూట్రల్‌కు కూడా రెండు విడి ఎర్త్‌లు కావాలి.

వ్యవసాయ మోటారు సర్వీసుకు ఐఎస్ఐ మార్కు మోటారు, కెపాసిటర్ అడుగుతారు. 5 హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటర్ సరిపోతుంది. స్టార్టరు తరవాత, మోటారు వైపు కలపాలి. మోటారు ఆపాక కూడా అందులో ఛార్జి ఉంటుంది, డిస్ఛార్జి చేయకుండా చేయి పెట్టకండి.

సంతకం తరవాత

రిపోర్టు రెండు కాపీలు తీయండి. ఒకటి మీ దగ్గర, తేదీ, మెగ్గర్ సీరియల్ నంబరు, ఆ రోజు నేల తడిగా ఉందో పొడిగా ఉందో రాసి. ఎండాకాలంలో తీసిన ఎర్త్ రీడింగుకు విలువ ఎక్కువ, ఎందుకంటే అది ఏడాదిలో చెడ్డ రోజు రీడింగు. ఇంటాయన తరవాత వేరేవారితో పాయింట్లు పెంచుకుంటే, మీరు అప్పగించిన రోజు ఏముందో ఈ కాపీ చెబుతుంది. డీబీ తలుపు లోపల సర్క్యూటు పట్టీ, మీ లైసెన్సు నంబరు అతికించండి.

లైసెన్సు మీద గడువు తేదీ ఉంటుంది, పర్మిట్ల మీద వేరేగా ఉంటుంది. అన్నిటినీ ఒకే కాగితం మీద రాసి గోడకు పెట్టుకోండి, గడువుకు మూడు నెలల ముందు రెన్యూవల్ పని మొదలుపెట్టండి. సూపర్‌వైజర్ మానేస్తే ఆ వారంలోనే బోర్డుకు రాయండి, కొత్తవారి పేరు ఎక్కేదాకా కొత్త పని ఒప్పుకోకండి.

ఎక్కడైనా కరెంటుతో మనిషికో పశువుకో ప్రాణం పోతే 24 గంటల్లో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు సమాచారం వెళ్లాలి, ప్రాణం పోయినా, గాయమైనా 48 గంటల్లో రాతపూర్వక రిపోర్టు వెళ్లాలి. తనిఖీకి వచ్చేదాకా ఆ వైరును, ఆ మోటారును విప్పకండి, మార్చకండి. మెయిన్ ఆపి, ఎవరూ ఎత్తకుండా తాళం వేసి, ఉన్నది ఉన్నట్టు ఉంచండి.